ఒడ్డుకు కొట్టుకొచ్చింది ఎవరిది?
(హన్మకొండలో విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

వరంగల్‌లో కూర్చుని సముద్రపు గవ్వల ముచ్చటేంటని కొందరు నవ్వారు. నవ్వనివ్వండి. కాజీపేటలో చెన్నై లైన్ రైలెక్కితే బాపట్లలో దిగొచ్చు, అక్కణ్ణుంచి సూర్యలంక బీచ్‌కి ఆటోలుంటాయి. సెలవుల్లో అక్కడ మనవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. తిరుగు రైల్లో ఏదో ఒక బ్యాగ్ నుంచి కుళ్లు వాసన రావడం కూడా మామూలే. పిల్లలు ఏరుకొచ్చిన గవ్వల్లో కొన్ని బతికున్నవి, అవి బ్యాగులోనే చచ్చిపోయాయి. ఆ వాసన వాటిదే.

ఆ తీరంతో మనకు పాత సంబంధమే ఉంది. ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు, తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు చేరిన సరుకును లాగేసుకునేవాళ్లు. ఈయన మాత్రం మాకు రావలసిన సుంకం చాలు, సరుకు దాని సొంతదారుదే అన్నాడు. గవ్వల విషయంలో నేను చెప్పాలనుకున్నదీ అంతే. ఒడ్డున కనిపించిందల్లా దిక్కులేనిది కాదు. చేతిలోకి తీసుకునే ముందు లోపల సొంతదారు ఉన్నాడో లేడో చూడండి.

అది చూడటం నేర్చుకోవడానికి సముద్రం దాకా పోనక్కర్లేదు, మన చెరువు కట్ట చాలు. నీళ్లు తగ్గిన శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, నత్తగుల్లలు దొరుకుతాయి కదా. ఒకటి తీసి నోరు మీవైపు తిప్పుకోండి. గోధుమరంగు మూత బిగించి ఉంటే లోపల ప్రాణి ఉన్నట్టే. వేలితో మెల్లగా తాకితే ఆ మూత ఇంకాస్త లోపలికి జరుగుతుంది. ఎండాకాలంలో చెరువు ఎండితే ఇది మట్టిలోకి దిగి, మూత వేసుకుని వానల కోసం ఎదురుచూస్తుంది. దీనికి మొప్పా ఉంది, ఊపిరితిత్తీ ఉంది, అందుకే అన్ని నెలలు తట్టుకుంటుంది. కదలట్లేదు కాబట్టి చచ్చిపోయిందనుకుని జేబులో వేసుకోవద్దు.

కట్ట మీద పగలని ఖాళీ గుల్లలు కూడా కనిపిస్తాయి. అవి చాలావరకు నత్తగుల్ల కొంగ తిని పడేసినవి. దాని ముక్కు మూసుకున్నా మధ్యలో సందు ఉంటుంది. ఆ సందులో పెట్టి గుల్లను పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ అది అలా తినదు. ముక్కు కొనను లోపలికి దూర్చి, కండను తెంపి, మాంసం బయటికి లాగేస్తుంది. ఇక గుల్ల మీదే, తీసుకోండి.

ఇప్పుడు సముద్రానికి పోదాం. అమావాస్య, పున్నమి రోజుల్లో నీళ్లు మామూలుకంటే దూరం వెనక్కి పోతాయి. ఏరడానికి అదే మంచి సమయం. అక్కడ చిప్పలు చూస్తుంటే కొన్నిటికి పైభాగాన గుండ్రటి బెజ్జం కనిపిస్తుంది. దారం ఎక్కించడానికి ఎవరో డ్రిల్ చేశారా అన్నంత నున్నగా ఉంటుంది. దగ్గరగా చూడండి, బెజ్జం బయట వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. ఇసుకలో పూడుకుని తిరిగే నాటికా అనే నత్త చేసిన పని అది. చిప్పను పట్టుకుని, ఆమ్లంతో కాస్త మెత్తబరిచి, పళ్లున్న నాలుకతో గీకుతూ పోతుంది. మళ్లీ ఆమ్లం, మళ్లీ గీకుడు. గంటల తరబడి ఇదే పని. బెజ్జం పడ్డాక లోపలిదాన్ని తినేస్తుంది. నాకైతే రంగురంగుల శంఖాలకంటే ఈ బెజ్జం చిప్పే ఇష్టం.

నత్త చచ్చినంత మాత్రాన గుల్ల ఖాళీ అనుకోకండి. సన్యాసి పీత గురించి పాఠాల్లో చదివారు కదా. దాని పొట్ట భాగం మెత్తన, పైన పెంకు ఉండదు. అందుకని ఖాళీ గుల్లలో దూరి బతుకుతుంది, పెరిగేకొద్దీ పెద్ద గుల్లకు మారుతుంది. కాబట్టి ఏరింది ఏదైనా తడి ఇసుక మీద పెట్టి ఐదు నిమిషాలు దూరంగా నిలబడండి. కాళ్లు బయటికొస్తే అది మీది కాదు. శంకువు ఆకారంలో, నోరు సన్నటి చీలికలా ఉన్నవాటితో మాత్రం ఈ పరీక్షలు కూడా వద్దు, అసలు చేత్తో ముట్టుకోవద్దు. కోన్ నత్తలు విషపు ముల్లు విసురుతాయి. వాటిలో ఒక జాతి కుట్టి మనుషులు చనిపోయారు.

షాపుల్లో తళతళ మెరిసే గవ్వలుంటాయి. చచ్చి, ఎండకు ఎండి, ఇసుకలో అరిగిన గవ్వకు ఆ మెరుపు నిలవదు. మెరుస్తోందంటే చాలావరకు ప్రాణంతో పట్టి తెచ్చిందే. నాటిలస్, రాక్షస ఆల్చిప్పల లాంటి కొన్ని జాతులను 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి తెచ్చారు. వాటిని కొన్నా, అమ్మినా కేసే.

దక్షిణావర్త శంఖం గురించి అడుగుతారని తెలుసు, ముందే చెప్పేస్తా. చుట్టలు తిరిగిన మొన పైకి పెట్టి పట్టుకుంటే దాదాపు అన్ని శంఖాలకూ నోరు కుడివైపు ఉంటుంది. ఎడమవైపు ఉండే శంఖం చాలా అరుదు, దక్షిణావర్తమని వేలకు వేలు పెట్టి కొనేది దాన్నే (ఆ మొన కిందికి తిప్పితే అదే నోరు కుడివైపుకొస్తుంది). అయితే అమెరికా తీరంలో పుట్టుకతోనే ఎడమకు తిరిగే వేరే నత్త ఉంది. దాన్నే ఇక్కడ శంఖమని అంటగడుతుంటారు. అసలు శంఖానికి నోటి లోపల, మధ్య కాడ మీద మూడు నాలుగు గట్లుంటాయి. అవి లేకపోతే డబ్బులు ఇవ్వకండి.

ఎడమ నోరే చూడాలని ఉంటే ఖర్చు లేని దారి ఒకటుంది. ఆదిలాబాద్ వైపు లావా పొరల మధ్య చెరువు మట్టి రాయిగా మారిన చోట్ల ఫైసా అనే మంచినీటి నత్తల శిలాజాలు దొరికాయి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటివి. ఫైసా జాతి మొత్తం ఎడమకే తిరుగుతుంది.

గుల్లలు, చిప్పలు ఈ బల్ల మీద పెట్టాను, అన్నీ ఖాళీవే. ముందు పిల్లల్ని రానివ్వండి.