కెమెరా లాక్కుంటే ఎవరెస్ట్ ఎక్కేదెంతమంది?

ఎవరెస్ట్ మీద క్యూ ఫొటో మళ్లీ తిరుగుతోంది కదా, 2019 మేలో బయటికొచ్చిందే. దాని కింద ఎవరో ఒకరు బ్రిటిష్ పర్వతారోహకుడు జార్జ్ మాలరీ డైలాగ్ పెట్టకుండా ఉండరు. కొండ ఎందుకెక్కుతున్నావయ్యా అంటే "అది అక్కడుంది కాబట్టి" అన్నాడట. ఆహా! వందేళ్లుగా చప్పట్లే చప్పట్లు.

నేను కొట్టను. ఆ మాట 1923లో అచ్చయింది. అప్పుడాయన ఎక్కడున్నాడు? కొండ మీద కాదు బాబూ, అమెరికాలో లెక్చర్లిస్తూ తిరుగుతున్నాడు. ఎదురుగా జనం, చేతిలో నోట్‌బుక్‌తో విలేకరి!

అందుకే చెప్తున్నా, కెమెరా లాక్కోండి, ఆ క్యూలో సగం మంది బేస్ క్యాంప్ కూడా దాటరు. కొండ ఎక్కేది కొండ కోసం కాదు, కింద ఉన్నవాళ్ల కోసం.

నమ్మరా? 2016లో మహారాష్ట్ర పోలీసు జంట ఏం చేసింది? వేరేవాళ్ల శిఖరం ఫొటోల్లో తమ బొమ్మలు అతికించుకుంది. నేపాల్ పదేళ్లు నిషేధించింది. శిఖరమే కావాలనుకుంటే ఈ అతుకులెందుకండీ? వాళ్లకి కావాల్సింది ఫొటో!

మన పూర్ణ సంగతేంటి అంటారా? చెప్తా. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, గురుకులంలో చదువు, భువనగిరి గుట్ట మీద ట్రైనింగ్, 2014 మే 25న శిఖరం. పదమూడేళ్ల పదకొండు నెలలు! ఆడపిల్లలు ఏదైనా చేయగలరని చూపించడానికే ఎక్కానంది. చూపించడానికి! దాచలేదు, ఫిలాసఫీ చుట్టలేదు. ఆ నిజాయితీ నాకు మాలరీ మాటకన్నా వెయ్యి రెట్లు నచ్చింది.

ఇక షెర్పాలు, ఎక్కేవాళ్లకి దారి చూపే నేపాల్ కొండవాళ్లు. కామి రీటా 2025 నాటికి 31 సార్లు ఎక్కాడు. మన కుర్రాడు ఒక్కసారి ఎక్కొస్తే ఊళ్లో ఫ్లెక్సీలు, డప్పులు, ఎమ్మెల్యేతో శాలువా. వాడి కోసం తాడు కట్టి, ఆక్సిజన్ సిలిండర్లు మోసినవాడి పేరు ఆ ఫ్లెక్సీ మీద ఎప్పుడైనా చూశారా? నీకెందుకీ కొండ అని షెర్పాని అడగండి. పని సార్, ఇల్లు గడవాలి. అంతే!

నా లెక్కకి అడ్డం తిరిగేది ఒక్కడే, మన నెల్లూరు మల్లి మస్తాన్ బాబు. ఐఐటీ, ఐఐఎం చదివి, 2006లో ఏడు ఖండాల శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కేశాడు. సరే, అక్కడిదాకా రికార్డు కోసమే అనుకుందాం. మరి 2015లో ఆండీస్‌లో ఒంటరిగా ఎందుకెళ్లాడు? ఫొటో తీయడానికి పక్కన మనిషే లేడు. అక్కడే పోయాడు. ఆయన్ని నా సగంలో కలపను.

మిగతా సగం మీరేనా? ఫొటో తీయకుండా, స్టేటస్ పెట్టకుండా ఎక్కిన కొండ ఒక్కటి కామెంట్‌లో రాయండి. అలిపిరి మెట్లైనా లెక్కే.