మూడణాల చురక

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లోని కొత్త శాసనసభ్యులకు నమస్కారం. పేరుపేరునా పిలిస్తే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించండి. కార్డులో నా అంశం 'సభలో భాషా మర్యాద' అని వేశారు. వెటకారం మానండని చెప్పడానికి నేను రాలేదు. గురి చూసి చేయండని చెప్పడానికొచ్చాను.

1963 ఆగస్టు. నెహ్రూ ప్రభుత్వంపై ప్రతిపక్ష సభ్యుడు ఆచార్య కృపలానీ అవిశ్వాస తీర్మానం పెట్టారు. లోక్‌సభలో అదే మొదటిది. ఆ ఏడాదే ఫరూఖాబాద్ ఉప ఎన్నికలో గెలిచి వచ్చిన సోషలిస్టు నేత రామ్ మనోహర్ లోహియా లేచారు. 27 కోట్ల మంది రోజుకు 3 అణాలతో బతుకుతుంటే ప్రధాని మీద రోజుకు 25 వేల రూపాయలు ఖర్చవుతున్నాయని ఎత్తిపొడిచారు. (అణా అంటే రూపాయిలో పదహారో వంతు. అణాల నాణేల స్థానంలో 1957లోనే నయాపైసలొచ్చాయి. అయినా జనం నోట ఆడే లెక్క అణాలే!)

ఆ ఎత్తిపొడుపులో అంకె ఉంది. అంకె ఉంది కాబట్టే ప్రభుత్వం నవ్వేసి ఊరుకోలేకపోయింది. 3 కాదు, 15 అణాలంది. ఇక్కడే కిటుకు. 15 అణాలు దేశాదాయాన్ని అందరికీ సమానంగా పంచితే వచ్చే సగటు. లోహియా చెప్పింది అడుగునున్న 60 శాతం మంది సంగతి. చివరికి ప్రభుత్వం వైపు నుంచే ఏడున్నర అణాల లెక్కా బయటికొచ్చింది. తీర్మానం 62 – 347 ఓట్లతో ఓడింది. మూడణాల మాట మాత్రం ఓడలేదు.

అదే లోహియా ఇందిరాగాంధీని 'మూగబొమ్మ' అన్నారు. అందులో అంకె లేదు, జవాబు చెప్పి తీరాల్సిన ప్రశ్నా లేదు. 1971లో ఆమె పార్టీకి 352 సీట్లొచ్చాయి. ఆ గెలుపుకు కారణాలు వేరే ఉన్నాయి, కాదనను. కానీ ఆ మాట ఆమె నుంచి ఒక్క జవాబైనా రాబట్టిందా? మీరే చెప్పండి. మనిషి రూపాన్నీ పుట్టుకనూ గొంతునూ వెక్కిరించారంటే, అవతలివారికి జవాబు తప్పించుకునే దారి మీరే చూపించినట్టు. 'నన్ను అవమానించారు' అని కూర్చుంటారు. మీరడిగిన బడ్జెట్ ప్రశ్న గాలికి పోతుంది.

ఇక చురక మీకే తగిలితే? నవ్వు ఆగేదాకా నోరు తెరవకండి. నవ్వులో మాట వినపడదు. వాళ్లన్న మాటను మీ నోటితో మళ్లీ అనకండి. ఖండిస్తున్నామనుకుంటూ దానికి రెండోసారి ప్రచారం చేసేది మనమే. మీ ప్రశ్నను అంకెతో సహా ఒక్క వాక్యంలో మళ్లీ అడగండి. పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తేముందు ఏ నిబంధన ఉల్లంఘన జరిగిందో చూపగలరో లేదో చూసుకోండి. చూపలేకపోతే అది నిలవదు, మీ సమయమే పోతుంది.

రికార్డుల నుంచి తొలగిస్తారులే అని ధీమా వద్దు. లోక్‌సభలో 380వ నిబంధన కింద పరువు తీసే, అసభ్యమైన, సభకు తగని మాటలను స్పీకర్ తీసేయించవచ్చు. అచ్చులో వాటి చోట నక్షత్ర గుర్తులు (***) పడతాయి. ప్రత్యక్ష ప్రసారంలో ఆ మాట అప్పటికే ఇళ్లకు చేరిపోయి ఉంటుంది. పైగా ఏం తీసేశారోనని జనం వెతుక్కుంటారు కూడా. నేరం అంటగట్టే ఆరోపణైతే దారి వేరు: 353వ నిబంధన ప్రకారం స్పీకర్‌కూ సంబంధిత మంత్రికీ ముందే నోటీసివ్వాలి. మీ సభ నియమావళిలో ఇవి వేరే అంకెలతో ఉంటాయి, ఈ రాత్రికే వెతికి పెట్టుకోండి.

అధ్యక్ష స్థానంలో కూర్చోబోయేవారికి ఒక్క మాట. అన్న మాటను వెనక్కి తీసుకోమని అడగాలనుకుంటే తర్వాతి సభ్యుణ్ణి పిలవకముందే అడగండి. అరగంట తర్వాత అడిగితే ఆ సభ్యుడు సీట్లో ఉండడు, ఉన్నా 'నేనెప్పుడన్నాను?' అంటాడు.