హైదరాబాద్ తిండి: ఏ వంటకు ఏ చోటు, ఏ వేళ

నమస్తే. ఈ వీడియోలో హైదరాబాద్‌లో నాకు ఇష్టమైన హోటళ్లు చూపిస్తాను. ఒక్కో వంటకు ఒక్కో చోటు. పేర్లు మాత్రమే కావాలంటే ఫోనులో వెతికినా దొరుకుతాయి. నేను చెప్పాలనుకున్నది పేరుతో పాటు వేళ. ఈ ఊళ్లో ప్రతి వంటకూ ఒక గడియ ఉంది. అది దాటాక వెళ్తే అదే హోటల్, అదే వంటవాడు, అదే ధర, కానీ కంచంలోకి వచ్చే రుచి మాత్రం వేరు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. చాలా ఏళ్ల కిందట నహారీ అనే మాంసం పులుసు తిందామని పాతబస్తీలో ఒక హోటల్‌కు ఉదయం 11 గంటలకు వెళ్లాను. అప్పటికే వండిన పెద్ద పాత్రను, అంటే దేగ్చీని, పక్కకు వాల్చి తోముతున్నారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, అరబ్బీలో ‘నహార్’ అంటే పగలు అనీ, పగలు మొదలయ్యేటప్పుడు తినేది కాబట్టే దీనికి ఆ పేరనీ ఉర్దూలో ఓపికగా చెప్పారు. చాయ్ ఇప్పించి, రేపు తెల్లవారుజామున నమాజు అయ్యాక రమ్మన్నారు. మర్నాడు వెళ్లాను. ఆ ఒక్క గిన్నెతో ఈ ఊరి తిండిని నేను చూసే తీరు మారిపోయింది.

[తెరపై: మదీనా కూడలి, ఇంకా వెలుతురు పూర్తిగా రాలేదు]

కాబట్టి మనం కూడా నహారీతోనే మొదలుపెడదాం. 6 గంటలకల్లా మదీనా కూడలి దగ్గరి షాదాబ్ హోటల్‌కు చేరుకోండి. రాత్రంతా సన్న సెగ మీద ఉడికిన పులుసు ఇది. హైదరాబాద్ నహారీలో మేక కాళ్లు, నాలుక వేస్తారు. కాళ్లంటే పాయా, నాలుకంటే జబాన్. మొదటిసారి తినేవారు పాయా చెప్పండి.

గిన్నెను దగ్గరగా చూడండి. పైన నూనె పొర పలుచగా తేలుతోంది. కింది పులుసు చూడటానికి నీళ్లలా ఉంది. అందులో బొటనవేలు, చూపుడువేలు ముంచి, కలిపి, మెల్లగా విడదీయండి. అంటుకుంటున్నాయి కదా! ఆ జిగట ఎముకలోంచి గంటల తరబడి దిగినది. తొందరపడి వండిన దానికి ఇది రాదు. నిమ్మకాయ పిండి, నాన్ ముక్క తుంచి ముంచి, మెత్తబడే లోపే నోట్లో పెట్టుకోండి.

నాన్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. పురానీ హవేలీ దారిలో మున్షీ నాన్ అనే చిన్న దుకాణం ఉంది. 1851 నుంచి వాళ్లు నాన్ కాలుస్తున్నారు. నలుచదరంగా, నాలుగు మూలలతో ఉంటుంది కాబట్టి దాన్ని ‘చార్ కోనే కీ నాన్’ అంటారు. వేడిగా ఉన్నప్పుడు అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్లవారు ఇక్కడ నాన్ కొనుక్కొని, హోటల్‌లో స్టీలు గిన్నెలో నహారీ పట్టించుకొని ఇంటికి వెళ్తారు. మీకు ఆ చుట్టుపక్కల బంధువులు ఉంటే మీరూ అలాగే చేయండి. ఇంట్లో నేల మీద కూర్చొని తినే నహారీకి సాటి లేదు.

ఇప్పుడు చాయ్. చార్మినార్ నీడన ఉన్న నిమ్రా కేఫ్‌కు నడిచి వెళ్దాం. కూర్చోవడం మరచిపోండి, అక్కడ నిలబడి తాగడమే అందం. ఇరానీ చాయ్ మామూలు టీ కాదు, దాన్ని పెట్టే పద్ధతే వేరు. టీ ఆకును మూత వేసిన పాత్రలో ఆవిరి పోకుండా దమ్ మీద మరిగిస్తారు. పాలను విడిగా చిక్కబడే దాకా కాస్తారు. రెండూ కలిసేది కప్పులోనే. ముందు డికాక్షన్ పోసి పైన పాలు పోసినప్పుడు రంగు మారడం చూడండి, ఇటుక రంగులోకి రావాలి. తీపి బాగా కావాలంటే ‘ఖడే చమ్మచ్’ అని చెప్పండి. చెంచా నిలబెడితే పడిపోనంత చక్కెర అని ఆ మాటకు అర్థం. నాకైతే అంత తీపి వద్దు, డికాక్షన్ రుచి మరుగున పడుతుంది.

పక్కన ఉస్మానియా బిస్కెట్ తీసుకోండి. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన బిస్కెట్ అది. ఉప్పు, తీపి రెండూ తగిలే ఆ రుచి చాయ్ కోసమే పుట్టింది. ముంచి వెంటనే తీయండి. ఒకటి, రెండు అని లెక్కపెట్టేసరికి బిస్కెట్ మెత్తబడి కప్పు అడుగుకు జారిపోతుంది.

తెల్లవారుజామున దోసెలు కావాలనుకునేవారికి మొజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండీ ఉంది. వెన్న బాగా వేస్తారు, సూర్యుడు రాకముందే జనం గుమిగూడతారు. శాకాహారులు పొద్దెక్కాక వెళ్లదలిస్తే అబిడ్స్‌లోని తాజ్‌మహల్ హోటల్ నాకు నచ్చిన చోటు. ఇడ్లీ, వడ, ఫిల్టర్ కాఫీ. హడావుడి లేని పాత హాలు.

[తెరపై: బిర్యానీ హండీ మూత తీస్తున్న దృశ్యం]

మధ్యాహ్నం బిర్యానీ. పారడైజ్ 1953 నుంచి ఉంది, ఊరికి వచ్చిన ప్రతివారూ అక్కడికి వెళ్తారు, వెళ్లడంలో తప్పు లేదు. నేను మాత్రం మళ్లీ షాదాబ్‌కో, హైదర్‌గూడలోని కేఫ్ బహార్‌కో వెళ్తాను. రెండింటికీ 12 గంటల నుంచి 1 గంట లోపే. ఎందుకంటే హైదరాబాదీ బిర్యానీ కచ్చీ బిర్యానీ. పచ్చి మాంసాన్ని పెరుగు, మసాలాలతో నానబెట్టి, మీద సగం ఉడికిన బియ్యం పరచి, మూత అంచును పిండితో మూసి దమ్ చేస్తారు. బియ్యం, మాంసం ఒకేసారి ఉడికి ఒకేసారి సిద్ధమవుతాయి. మూత తీసిన మొదటి అరగంటలో అన్నంలో తడి, మెతుకుల్లో బిరుసు రెండూ ఉంటాయి. తర్వాత ఒకటి ఉంటే మరొకటి ఉండదు.

వడ్డించే మనిషి చేతిని గమనించండి. మంచి చేయి గరిటెను హండీలో, అంటే బిర్యానీ పాత్రలో, ఒక పక్కగా నిలువునా దింపి, అడుగు నుంచి పైకి ఒకే ఊపులో తీస్తుంది. అప్పుడు కంచంలో తెల్ల మెతుకు, కుంకుమపువ్వు మెతుకు, మసాలా పట్టిన మెతుకు మూడూ కనబడతాయి. పైపైన తీస్తే వట్టి అన్నమే వస్తుంది. ‘కొంచెం అడుగు నుంచి తీయండి భాయ్’ అని మర్యాదగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. పక్కన ఇచ్చే మిర్చి పులుసు, అదే మిర్చీ కా సాలన్, అంతా ఒకేసారి పోసేయకండి, ముద్ద ముద్దకు కొంచెం చాలు. ఇక బిర్యానీని ప్లాస్టిక్ డబ్బాలో తెప్పించుకొని రాత్రి 10 గంటలకు తినేవారికి నా మనవి ఒక్కటే: ఒక్కసారి మధ్యాహ్నం హండీ పక్కన కూర్చొని తినండి.

రాయలసీమ భోజనానికి లక్డీకాపూల్‌లోని రాయలసీమ రుచులుకు వెళ్తాను. రాగి సంగటి, నాటుకోడి పులుసు. సంగటి ముద్ద చల్లబడితే గట్టిపడుతుంది, అందుకని ముద్ద బల్ల మీదికి వచ్చాక ఫొటోలు తీస్తూ కూర్చోవద్దు. చేయి కొంచెం తడి చేసుకోండి. ముద్ద నడుమ బొటనవేలితో గుంట చేసి నెయ్యి వేయండి. చిన్న ఉండ తుంచి, పులుసులో దొర్లించి, నమలకుండా మింగండి. నమిలితే పళ్లకు అంటుకుంటుంది, మింగితే గొంతులో వెచ్చగా జారుతుంది. అలవాటు లేనివారికి మొదటి రెండు ముద్దలు కష్టం, మూడో ముద్ద నుంచి తెలిసిపోతుంది. అలసంద వడ కూడా చెప్పండి.

ఇప్పుడు నగరం దక్షిణ అంచుకు, బార్కాస్‌కు వెళ్దాం. నిజాం కాలంలో యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బు సైనికులు అక్కడ ఉండేవారు. వారి బారక్సులే నోటి వాడుకలో బార్కాస్ అయ్యాయి. వారి సంతతివారు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, వీధుల్లో లుంగీ కట్టు కూడా కొంచెం వేరుగా కనబడుతుంది. ఉదయం వెళ్తే హరీస్ దొరుకుతుంది. గోధుమ, మాంసం కలిపి మెత్తగా ఉడికించినది, మసాలా దాదాపు ఉండదు. తీపి హరీస్, ఉప్పు హరీస్ రెండు రకాలు. మన హలీమ్‌కు మూలం ఇదే. హైదరాబాద్ చేతిలో పడ్డాక దానికి మసాలాలు, నెయ్యి, వేయించిన ఉల్లిపాయలు చేరాయి.

బార్కాస్‌కు నేను వెళ్లేది ఎక్కువగా సాయంత్రాలు, మండీ కోసం. మతామ్ అల్ అరబీ నాకు అలవాటైన చోటు. మండీ అసలు పద్ధతి ఏమిటంటే, నేలలో గొయ్యిలాంటి పొయ్యి ఉంటుంది. అడుగున నిప్పులు, వాటి మీద బియ్యం పాత్ర, దాని పైన మాంసం. గొయ్యిని మూసేస్తారు. మాంసం నుంచి కారే కొవ్వు, రసం చుక్కచుక్కగా బియ్యంలోకి దిగుతాయి. అందుకే మండీ అన్నానికి వేరే కూర అక్కర్లేదు.

ఈ ఊళ్లో ఇప్పుడు వీధికొక మండీ హోటల్ ఉంది. వాటిలో కొన్నింటిలో పసుపు రంగు అన్నం వండి, విడిగా వేయించిన కోడిని దాని మీద పెట్టి ఇస్తున్నారు. నాకు అది బాధగా ఉంటుంది, ఎందుకంటే మొదటిసారి అక్కడ తిన్నవారు మండీ అంటే ఇంతేనని అనుకుంటారు. తేడా తెలుసుకోవడం తేలిక. మాంసం తాకని చోట, పళ్లెం అంచు నుంచి, చట్నీ కలపకుండా వట్టి అన్నం ఒక ముద్ద తినండి. అందులో మాంసం రుచి, పొగ వాసన తగిలితే అది మండీ.

నేల మీద పరచిన తివాచీ మీద కూర్చుంటారు, నలుగురికి ఒకటే పళ్లెం. ఎవరి ముందున్న అన్నం వారు తినాలి, అవతలివారి వైపు చేయి చాచకూడదు. నడుమ ఉన్న మాంసాన్ని పెద్దవారు విరిచి అందరి ముందుకు నెడతారు. నా స్నేహితుల్లో మాట్లాడుకోవడం మానేసిన ఇద్దరిని ఒకసారి అదే పళ్లెం దగ్గర కూర్చోబెట్టాను. సగం అన్నం అయ్యేసరికి ఒకరు మరొకరి వైపు మెత్తని ముక్క జరిపారు.

హలీమ్ గురించి ఎక్కువ చెప్పను, దానికి వేరే వీడియో కావాలి. రంజాన్ నెలలోనే తినండి, ఇఫ్తార్ తర్వాత, హలీమ్ వండే పొయ్యి అయిన భట్టీ పక్కన. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పిస్తా హౌస్, షా గౌస్, మాసబ్ ట్యాంక్‌లోని సర్వీ, ఈ మూడింటి అభిమానులూ ఏటా వాదించుకుంటారు. నేను సర్వీ పక్షం.

సాయంత్రం చాట్ అంటే కోఠిలోని గోకుల్ చాట్. 2007 ఆగస్టు 25న అక్కడ బాంబు పేలి ఎందరో ప్రాణాలు పోయాయి. తర్వాత దుకాణం మళ్లీ తెరిచారు, జనం మళ్లీ వచ్చారు. ఆ కౌంటర్ ముందు నిలబడిన ప్రతిసారీ ఒక్క క్షణం చేయి ఆగుతుంది.

[తెరపై: రోడ్డు పక్క పొయ్యి, పిండి ముద్ద]

తెలంగాణ వంటకు మీరు పెద్ద హోటల్ పేరు చెబుతానని ఎదురుచూస్తుంటారు. నేను చెప్పేది మాత్రం జొన్న రొట్టెలు చేసే అక్కలు. సాయంత్రం 7 దాటాక ఏ కాలనీ మలుపులోనైనా, రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకొని రొట్టెలు చేస్తూ కనబడతారు. ఈ చేతులు చూడండి. వేడినీళ్లతో కలిపిన పిండి ముద్దను అరచేత్తో తడుతూ తిప్పుతున్నారు. కర్ర లేదు, అచ్చు లేదు, తట్టిన ప్రతిసారీ రొట్టె కొంచెం తిరుగుతుంది, అంచు గుండ్రంగా సాగుతుంది. పెనం మీద వేసి, పైవైపు తడిగుడ్డతో ఒకసారి తుడుస్తారు. ఆ తడి ఆరేలోపు తిప్పేయాలి, లేకపోతే రొట్టె పగులుతుంది. తర్వాత గుడ్డతో అదిమితే పొంగుతుంది.

సంచీలో కట్టించుకొని ఇంటికి తీసుకెళ్తే ఆవిరికి మెత్తబడిపోతుంది. కాగితంలో చుట్టించుకోండి, లేదా దారిలోనే ఒకటి తినేయండి. పక్కనే ఉన్న కర్రీ పాయింట్‌లో బోటీ కూరో, పచ్చిపులుసో తీసుకోండి. ‘అక్కా, కొంచెం ఎర్రగా కాల్చు’ అని అడగండి, ఇంకో నిమిషం పెనం మీద ఉంచుతుంది.

చివరగా, రాత్రి భోజనం అయ్యాక మళ్లీ మొజంజాహీ మార్కెట్‌కు రండి. 1935లో కట్టిన రాతి మార్కెట్, గడియారం ఉన్న గోపురం కింద ఫేమస్ ఐస్‌క్రీం. ఆరుబయట కుర్చీలు వేసి ఉంటాయి. మామిడి కాలంలో మామిడి, మిగతా రోజుల్లో మీ ఇష్టం. కానీ వానలు తగ్గి, బళ్ల మీద సీతాఫలాలు కనబడటం మొదలైతే ఇంకేదీ చెప్పకండి, సీతాఫలమే చెప్పండి. ఐస్‌క్రీంలో పండు గుజ్జు తొనలుతొనలుగా నోటికి తగులుతుంది. ఆ కాలం రెండు మూడు నెలలే.