పాత స్కీ బోటుకి ఫ్లోర్ ఏది వేయాలి? ఫ్రీగా వచ్చిన ఫోమ్ షీట్లతో నా అనుభవం

నమస్తే అండి. నా వెనక ట్రైలర్ మీద ఉన్నది 1988 మోడల్ స్కీ బోటు, అంటే నీళ్ల మీద స్కీ చేసేవాళ్లని తాడుతో లాగే బోటు. ఇంజిన్ నడిమధ్యలో, దాని ముందు స్కీ తాడు కట్టే స్తంభం. దీన్నే డైరెక్ట్ డ్రైవ్ అంటారు. మేము అట్లాంటాకి ఉత్తరాన లేక్ లేనియర్ దగ్గర ఉంటాం. పోయిన చలికాలం అంతా దీని ఫ్లోర్ పనితోనే గడిచిపోయింది.

మొదటే చెప్పేస్తాను. ఇదిగో, బోటు ఫ్లోర్ మీద అతికించే ఈ ఈవీఏ ఫోమ్ షీట్లు నేను కొన్నవి కావు, రివ్యూ చేయమని కంపెనీ వాళ్లు పంపారు. డబ్బులు తీసుకోలేదు. మందం, రేట్లు మీరు ఎక్కడో చూసే వచ్చి ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను.

షీటు మాత్రం బాగుంది. మెత్తటి చెప్పుల అడుగున ఉంటుందే, ఆ రకం ఫోమే. నీళ్లు పీల్చదు. తడి కాలు పెట్టినా పట్టు దొరుకుతుంది. వెనక కాగితం ఒలిచి అతికించడమే. అతికించాక ఒక రోజంతా నీళ్లు తగలనివ్వకండి, ఆ జిగురు పట్టుకోవడానికి టైమ్ కావాలి. రంగు మాత్రం లేతది తీసుకోండి. నాకు నలుపు, లేత బూడిద రెండూ పంపారు. ఎండలో పక్కపక్కనే పరిచి చెప్పుల్లేకుండా నిలబడి చూశాను. నలుపు మీద అయిదు సెకన్లు కూడా నిలవలేకపోయాను, బూడిద రంగు మీద ఫర్వాలేదు. పిల్లలు ఉత్త కాళ్లతో తిరిగే బోటులో ఇది చిన్న విషయం కాదండీ.

ఇంత బాగుంటే ఫ్లోర్ మొత్తం ఇదే వేయొచ్చుగా అంటారు. వేయలేదు. ఎందుకో చెప్పాలంటే నా పాత బోటు సంగతి చెప్పాలి.

దీనికి ముందు మాకు ఒక చిన్న ఫ్యామిలీ బోటు ఉండేది. ఫ్లోర్ అంతా జిగురుతో అతికించిన కార్పెట్. కొన్నప్పుడు కొత్తగా మెరిసిపోతోంది. అమ్మినాయన "ఇప్పుడే మార్పించా" అన్నాడు, మేమూ సంతోషపడ్డాం. రెండో ఏడు వేసవికల్లా కవర్ తీస్తే తడి గోనెసంచి వాసన. మా ఆవిడ వెనక సీటు దగ్గర అడుగు వేస్తే కాలి కింద కొంచెం దిగింది. కార్పెట్ పీకితే కింద ప్లైవుడ్ నానిన అట్టలా చేతికి ఊడొచ్చింది. కుళ్లిన చెక్క మీదే కొత్త కార్పెట్ అతికించి అమ్మేశారు. ఆ రోజు నుంచి ఫ్లోర్‌కి శాశ్వతంగా అతికించేది ఏది చూసినా నాకు కోపమే.

ఈ స్కీ బోటు కొనేటప్పుడు మాత్రం సుత్తి పట్టుకుని వెళ్లాను. సుత్తి పిడితో ఫ్లోర్ అంతా తట్టుకుంటూ వచ్చాను. గట్టి చెక్క ఖణేల్‌మంటుంది, మెత్తబడిన చోట చప్పుడు మొద్దుగా, లోపలికి మింగేసినట్టు ఉంటుంది. ముందు భాగం బాగానే ఉంది, ఇంజిన్ వెనక భాగం పోయింది. అది తెలిసే, ఆ మేరకు ధర తగ్గించుకుని కొన్నాను.

ఆ కాలం నాటి స్కీ బోట్లలో చాలావాటికి ఫ్లోర్ కింద బోటు పొడవునా చెక్క దూలాలు ఉంటాయి, వాటిని స్ట్రింగర్లు అంటారు. ఇంజిన్ బోల్టులు వాటిలోకే దిగుతాయి. ఫ్లోర్‌లోంచి జారిన నీరు చివరికి చేరేది అక్కడికే. దూలం మెత్తబడితే ఇంజిన్ బోల్టులకి పట్టు ఉండదు. దూలాల మధ్య బోటు తేలడానికి పోసిన వేరే రకం ఫోమ్ ఉంటుంది. అదీ ఏళ్ల తరబడి తడిలో ఉంటే నీళ్లు పీల్చేస్తుంది. ఒక ఘనపుటడుగు నీళ్లు 62 పౌండ్ల పైనే బరువు. నాలుగు ఘనపుటడుగులు నానిందంటే 250 పౌండ్లు, అంటే దించడానికి వీల్లేని ఒక భారీ మనిషిని ఎప్పుడూ ఎక్కించుకుని తిరుగుతున్నట్టే. బోటు బరువెక్కితే వెనక అల పెద్దదవుతుంది. స్లాలమ్ స్కీ, అంటే ఒకే స్కీ మీద అటూ ఇటూ మలుపులు తిరుగుతూ, చేసేవాళ్లకి కావాల్సిందేమో చిన్న అల, మెత్తటి అల. అందుకే నేను ఫ్లోర్ గురించి ఇంత పట్టుబడుతున్నాను.

మా ఊరు గోదావరి పక్కన. చిన్నప్పుడు ఏటి ఒడ్డున నావల్ని బోర్లించి రోజుల తరబడి ఎండబెట్టడం చూసేవాణ్ని. ఎండిన చెక్క బతుకుతుంది. ఫైబర్ గ్లాస్ కింద ఉన్నా చెక్క చెక్కేనండీ. మెరైన్ ప్లైవుడ్ అంటే కుళ్లదని చాలామంది అనుకుంటారు. దాని పొరలు అతికించిన జిగురు నీళ్లకి ఊడదు, అంతవరకే. చెక్కని మాత్రం మీరే కాపాడుకోవాలి. నేను ముక్కలన్నీ కోసి, అంచులతో సహా ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు) పట్టించి, ఆ తర్వాతే బిగించాను. పైన ఫైబర్ గ్లాస్ క్లాత్ వేశాను.

ఇప్పుడు అసలు చిక్కు. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. కార్పెట్ కింద ఉండే ఫ్లోర్ ఇలా గరుకుగా, నేత గుర్తులతో, అక్కడక్కడా గడ్డలతో ఉంటుంది. కార్పెట్ దీన్ని కప్పేస్తుంది కాబట్టి కంపెనీలు నున్నగా చేయలేదు. ఫోమ్ షీటు దీని మీద నిలవదు. అద్దంలాంటి ఉపరితలం ఉంటేనే దాని జిగురు పట్టుకుంటుంది. అంటే ముందు పాత జిగురంతా గీకాలి. ఆ గీకుడికే నాకు మూడు వీకెండ్లు పట్టింది. హీట్ గన్, పుట్టీ కత్తి, గ్రైండర్, మాస్కు లేకుండా ఆ పని మొదలుపెట్టకండి. ఆ తర్వాత ఫిల్లర్ పూసి, అరగదీసి, ప్రైమర్, పెయింట్. షీట్లు ఫ్రీగా వచ్చినా ఆ పని ఫ్రీగా రాదు. ఇంకో ఇబ్బంది ఏంటంటే, స్కీ అడుగున ఉండే లోహపు రెక్క చాలా పదును. మా అబ్బాయి స్కీని నిర్లక్ష్యంగా పడేస్తే శాంపిల్ ముక్క మీద కత్తితో కోసినట్టు చీలిక పడింది.

అల్లిన వినైల్, అంటే ప్లాస్టిక్ దారాల చాప లాంటిది, అదీ చూశాను. నీళ్లు నిలవవు, దులిపేస్తే మట్టి పోతుంది. అంచులు కుట్టించకపోతే దారాలు లేస్తాయి. మోకాళ్ల మీద కూర్చుంటే గీసుకుంటుందని మా అమ్మాయికి నచ్చలేదు, అంతటితో ఆ మాట వదిలేశాం.

చివరికి నేను వేసింది కార్పెట్టే. ఆశ్చర్యపోకండి, జిగురు చుక్క కూడా వాడలేదు. ఇంజిన్ బాక్స్ చుట్టూ సరిపోయేలా మూడు ముక్కలు కోయించి, అంచులు కుట్టించి, స్నాప్ బటన్లు పెట్టాను. టపటపా లాగేస్తే ఊడొస్తుంది. ఇంటికి రాగానే ముక్కలు తీసి కంచె మీద ఆరేస్తాం, ఫ్లోర్‌కి గాలి తగులుతుంది. ఎక్కడైనా పగులు వచ్చినా అప్పుడే కంటపడుతుంది. నాకు కావాల్సింది ఇదే, దీని ముందు మిగతా సుగుణాలన్నీ నాకు తక్కువే.

బటన్లలో ఒక ప్రమాదం ఉంది. ప్రతి స్క్రూ రంధ్రం చెక్కలోకి నీటికి ఒక దారి. స్క్రూకి కావాల్సిన దానికన్నా పెద్ద రంధ్రం వేసి, దాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక అందులో చిన్న రంధ్రం వేసి స్క్రూ బిగించండి. అప్పుడు స్క్రూ చుట్టూ ఎపాక్సీయే ఉంటుంది, చెక్కకి నీరు తగలదు. నేను 22 బటన్లకీ ఇలాగే చేశాను, ఒక రోజు పట్టింది. కార్పెట్ తీసినప్పుడు బటన్ల మీద ఉత్త కాలు పడితే నొప్పి పుడుతుంది, అదొక్కటే లోటు.

మరి ఫోమ్? బోటులోకి ఎక్కేటప్పుడు కాలు పెట్టే పక్క గట్ల మీద వేశాను. అక్కడ జెల్‌కోట్ (ఫైబర్ గ్లాస్ మీద ఉండే పై పూత) నున్నగా ఉంటుంది, కింద కుళ్లే ఫ్లోర్ లేదు. ఇదివరకు తడి కాళ్లతో అక్కడే జారేవాళ్లం. ఇప్పుడు మా అమ్మ కూడా చెయ్యి పట్టుకోకుండా ఎక్కుతోంది. అక్కడికి పదికి పది ఇస్తాను. వెనక ప్లాట్‌ఫామ్ టేకు పట్టీలది, దాని మీద ఏదీ అతికించను.

నిన్న సాయంత్రం దాకా నీళ్లలోనే ఉన్నాం. రాత్రి కార్పెట్ తీసి పెట్టాను. ఇదిగో ఫ్లోర్, అరచెయ్యి పెట్టి చూపిస్తున్నా, పొడిగా ఉంది. వాసన లేదు. బూడిద రంగు షీట్లు రెండు మిగిలాయి. లేనియర్ చుట్టుపక్కల ఎవరైనా పాత బోటు బాగుచేసుకుంటుంటే కామెంట్‌లో చెప్పండి, వచ్చి తీసుకెళ్లొచ్చు.