ప్రబల్, పాత కాన్పూర్ రివాల్వర్: రేంజ్‌లో ఎలా ఉన్నాయి, నడుము మీద ఎలా ఉన్నాయి

నమస్కారం. బల్ల మీద ఉన్న ఈ రెండు రివాల్వర్ల సిలిండర్లూ ఖాళీగా ఉన్నాయని ముందుగా చూపిస్తున్నాను. తూటాలు ఈ గదిలోనే లేవు. మొదటిది నేను పదకొండేళ్ళుగా వాడుతున్న కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ వారి పాయింట్ 32 రివాల్వర్. రెండవది చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం చేసే మా బావ కొనుక్కున్న ప్రబల్. నాకు ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు ఉన్నాయి. చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో లెక్కలు ముగించుకుని అర్ధరాత్రి దాటాక మైపాడు రోడ్డు మీద ఒంటరిగా రావలసి ఉంటుంది కనుక లైసెన్సు తీసుకున్నాను.

పాతది బ్రిటిష్ వెబ్లీ నమూనా నుంచి వచ్చినది. బొటనవేలితో మీట నొక్కితే బ్యారెల్ ముందుకు వంగుతుంది, లోపలి ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేచి ఆరు ఖాళీ తొడుగులనూ ఒక్కసారిగా బయటికి నెడుతుంది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, ఫ్రేమ్ మధ్యలో కీలు ఉండడం వల్ల ఏళ్ళు గడిచేకొద్దీ మీట అరిగి బ్యారెల్‌లో కొద్దిపాటి కదలిక వస్తుంది. పాత ఆయుధం కొనేవారు మూసి పట్టుకుని, బ్యారెల్‌ను మెల్లగా పైకీ కిందికీ ఊపి చూడాలి. కాన్పూర్‌కు చెందిన ప్రభుత్వ రంగ సంస్థ ఏడబ్ల్యూఈఐఎల్ (అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్) 2023 ఆగస్టులో విడుదల చేసిన ప్రబల్‌లో ఈ కీలు లేదు. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, ఫ్రేమ్ పైభాగం ఏకఖండంగా ఉంటుంది. బ్యారెల్ 76 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 177.6 మిల్లీమీటర్లు, తూటాలు లేకుండా బరువు 675 గ్రాములు.

నా లైసెన్సు పరిధిలో తమిళనాడు కూడా ఉంది కాబట్టి, అక్కడ నాకు సభ్యత్వం ఉన్న రైఫిల్ క్లబ్ రేంజ్‌లో, బావ పక్కన ఉండగా, రెండింటినీ ఒకే రోజు కాల్చాను. పది మీటర్ల దూరంలో, హ్యామర్‌ను, అంటే తూటా పేలేలా కొట్టే వెనుక సుత్తిని, చేత్తో వెనక్కి లాగి నింపాదిగా కాల్చినప్పుడు రెండూ అరచేతి వెడల్పులోనే ఆరు రంధ్రాలు పెట్టాయి. అసలు తేడా డబుల్ యాక్షన్‌లో తెలిసింది. ట్రిగ్గర్ నొక్కడంతోనే హ్యామర్ లేవడం, సిలిండర్ తిరగడం, హ్యామర్ పడడం అన్నీ జరగాలి కాబట్టి ఆ లాగుడు బరువుగా, పొడవుగా ఉంటుంది. పాతదాంట్లో చివరి క్షణంలో వేలు బిగుసుకుని నా గుళ్ళు ఎడమవైపు కిందికి పోయాయి. ప్రబల్ ట్రిగ్గర్ తేలికగా, ఒకే వరుసలో కదులుతుంది కనుక లక్ష్యం మీద గుళ్ళ గుంపు చెదరలేదు. యాభై మీటర్ల వరకు పనిచేస్తుందని తయారీదారులు చెబుతున్నారు. తూటా అంత దూరం వెళ్ళడం వేరు, మూడంగుళాల బ్యారెల్ మీది పొట్టి సైట్లతో అంత దూరంలో గురి నిలపడం వేరు. నేనైతే ఇరవై అయిదు మీటర్లు దాటి దీనిని నమ్ముకోను.

ఇప్పుడు మార్పుల సంగతి. నాకు మొదట ఇచ్చిన సలహా, స్ప్రింగును ఒక చుట్టు కత్తిరించి ట్రిగ్గర్ తేలిక చేయించుకోమని. దయచేసి ఆ పని చేయకండి. హ్యామర్ దెబ్బలో బలం తగ్గితే తూటా అడుగున ఉన్న ప్రైమర్ అంటుకోకపోవచ్చు. రేంజ్‌లో అది ఒక గుండు వృథా, రాత్రి రోడ్డు మీద అది ప్రాణానికే ముప్పు. పైగా 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధంలో మార్పులు చేసే వృత్తికి ప్రత్యేక లైసెన్సు ఉండాలి. బ్యారెల్ పొట్టి చేయించడం కూడా నేరమే, శిక్ష ఏడేళ్ళ నుంచి మొదలవుతుంది.

స్ప్రింగు జోలికి పోకుండా నేను చేయించినది పిడి మాత్రమే. ఫ్యాక్టరీ పిడి నా చేతికి సన్నగా ఉండి, ట్రిగ్గర్ గార్డు వెనుక ఖాళీ మిగిలి, లాగినప్పుడల్లా రివాల్వర్ అరచేతిలో తిరిగేది. చెక్క గరిటెలకూ చెంచాలకూ పేరుపడ్డ మన ఉదయగిరిలో ఒక పనివాడికి పాత పిడి చెక్కలు మాత్రమే ఇచ్చాను. రివాల్వర్ ఇంట్లోనే ఉంది, ఎందుకంటే దానిని ఇతరుల చేతికి ఇచ్చే హక్కు నాకు లేదు. ఆయన నర్ది చెక్కతో, ఆ ఖాళీ నిండేలా, వెనుకవైపు కొంచెం లావుగా చెక్కి ఇచ్చాడు. డబుల్ యాక్షన్‌లో నా గురి సగానికి సగం మెరుగుపడింది. మిగిలిన సగం, తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, స్నాప్ క్యాపులు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) వేసి, బ్యారెల్ మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ లాగే అభ్యాసంతో వచ్చింది.

దగ్గర పెట్టుకుని తిరగడానికి 2016 ఆయుధాల నియమాలు స్పష్టంగా ఉన్నాయి. బహిరంగ స్థలంలో రివాల్వర్ హోల్స్టర్‌లో గానీ అటువంటి సంచిలో గానీ ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మన అదుపులో ఉండాలి. మన ఎండలకు కోటు తొడగలేము కాబట్టి, ప్యాంటుకు గట్టి బెల్టు పెట్టి, వదులు చొక్కా పైకి వదిలేస్తాను. సిలిండర్ లావే రివాల్వర్‌కు పెద్ద ఇబ్బంది. కారులో కూర్చున్నప్పుడు అది తుంటిలో గుచ్చుకుంటుంది. 2014లో వచ్చిన నిర్భీక్ అనే రివాల్వర్ టైటానియం మిశ్రమంతో అర కిలో పైచిలుకు మాత్రమే తూగుతుంది. బరువే ముఖ్యమనుకునేవారు దానిని కూడా చూడవచ్చు.

మా తీరంలో అన్నిటికన్నా పెద్ద శత్రువు ఉప్పు గాలి. 2024 ఎన్నికలప్పుడు నియమం ప్రకారం ఆయుధాన్ని స్టేషన్‌లో అప్పగించాను, తోలు హోల్స్టర్‌తో సహా. దాదాపు మూడు నెలల తర్వాత తిరిగి తీసుకుంటే తోలు తగిలినచోటల్లా సిలిండర్ మీద తుప్పు మచ్చలు కనిపించాయి. తోలు తేమను పట్టి ఉంచుతుందని తెలిసి కూడా నూనె గుడ్డలో చుట్టి ఇవ్వలేదు, ఆ తప్పు నాదే. అప్పటి నుంచి రోహిణి కార్తెలో చెమట పట్టిన ప్రతి రాత్రీ తుడిచి, పలుచగా నూనె రాసి, హోల్స్టర్ బయటే పెట్టి తాళం వేస్తున్నాను.

రోజూ నడుముకు పెట్టుకోవడానికి కొనేవారికి నేను ప్రబల్‌నే సూచిస్తాను. బావ రివాల్వర్‌కు నా పిడి అమరదు, ఫ్రేమ్ ఆకారం వేరు. అందుకే దాని పిడి చెక్కలను కాగితం మీద గీయించుకుని వచ్చే వారం ఉదయగిరి వెళుతున్నాను.