చీకటి గదిలో వణికిన చేతులు

అందరికీ నమస్కారం. 'వార్ ఫోటోగ్రాఫర్' అనే ఇంగ్లీషు కవిత గురించి నెల్లూరు టౌన్‌హాల్లో ఏం చెప్తావమ్మా అని నిన్న మా పెదనాయన అడిగాడు. మా నాయన స్టూడియో గురించి చెప్తానన్నాను. అక్కడి నుంచే మొదలుపెడతాను.

కావలిలో మాకు ఫోటో స్టూడియో ఉండేది. వెనకాల డార్క్‌రూమ్, ఎర్ర బల్బు, మూడు ట్రేలు, హైపో వాసన. తెల్ల కాగితాన్ని డెవలపర్‌లో వేసి మెల్లగా ఊపుతుంటే ముందు జుట్టు, కనుబొమ్మలు, ఆ తర్వాత మొహం తేలేది. ఎవరైనా పోతే ఆఖరి ఫోటోకి నాయననే పిలిచేవాళ్లు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడేవాళ్లు. అక్కడ ఆయన చెయ్యి కదిలేది కాదు. ఆ ప్రింట్లు వేసిన రాత్రి మాత్రం అన్నం ముట్టేవాడు కాదు.

బ్రిటిష్ కవయిత్రి కరోల్ ఆన్ డఫీ 1985లో ప్రచురించిన 'వార్ ఫోటోగ్రాఫర్' చదివినప్పుడు నాకు ముట్టని ఆ కంచమే గుర్తొచ్చింది. యుద్ధాల ఫోటోలు తీసిన డాన్ మెకల్లిన్, ఫిలిప్ జోన్స్ గ్రిఫిత్స్ ఆమెకు స్నేహితులు. కవిత నాలుగు చరణాలు, ఒక్కోదానికి ఆరు పంక్తులు, అందులో యుద్ధం నుంచి ఇంటికొచ్చిన ఫోటోగ్రాఫర్ డార్క్‌రూమ్‌లో రీళ్లు వరసగా పేర్చుకున్నంత పద్ధతిగా ఉంటుంది. ఎర్ర వెలుగులో ఆ గది చర్చిలా, అతను ప్రార్థన మొదలుపెట్టబోయే ఫాదర్‌లా కనిపిస్తాడు. బెల్‌ఫాస్ట్. బీరూట్. నాంపెన్. యుద్ధం చూసిన ఊరి పేరు, చుక్క, అంతే.

అప్పుడు, యుద్ధంలో, వణకని చేతులు ఇప్పుడు వణుకుతున్నాయంటుంది డఫీ. కవితకు ప్రాణం ఇక్కడే ఉందని నా నమ్మకం. అక్కడ వెలుతురు చూసుకోవాలి, ఫోకస్ చూసుకోవాలి, ఆ పనే మనిషిని కాపాడుతుంది, ఇంటికొచ్చి తలుపేసుకున్నాక కాపాడేది ఏముంది? ఇంగ్లండు పొలాలు పరిగెత్తే పిల్లల కాళ్ల కింద పేలవు అనే మాట చదివితే, 1972 జూన్ 8న వియత్నాంలోని ట్రాంగ్ బాంగ్ దగ్గర నాపామ్ అనే మంటల బాంబుకి ఒళ్లు కాలి, బట్టల్లేకుండా పరిగెత్తిన పాప కళ్లముందుకు రాక మానదు.

ఇంతలో ట్రేలో ఒక మనిషి సగం తేలతాడు. అతని భార్య కేకలు గుర్తొస్తాయి. ఫోటో తీసుకోనా అని ఆమెను మాటల్లేకుండానే అడిగాడు. ఆమె సరేనందో లేదో కవిత చెప్పదు. మా నాయనను ఇంటివాళ్లే పిలిచారు, ఇతన్ని ఎవరూ పిలవలేదు.

యుద్ధం చూసి చెప్పినవాడు మనకూ ఉన్నాడు, సంజయుడు. మన పెన్న ఒడ్డు తిక్కన తెలుగు చేసిన పర్వాల్లోవాడే. భారతంలో దుర్యోధనుడు పోయాక అతని దివ్యదృష్టి కూడా పోతుంది. అది అతని మీద దయేమో అనిపిస్తుంది నాకు. ఫోటోగ్రాఫర్‌కి ఆ దయ లేదు, చూసిందంతా ట్రేలో మళ్లీ పైకి తేలుతుంది.

చివర్లో వంద ఫోటోల్లోంచి ఎడిటర్ ఆదివారం అనుబంధానికి ఐదారు ఏరతాడు. స్నానానికీ, భోజనం ముందు బీరుకీ మధ్య పాఠకుడి కళ్లు చెమ్మగిల్లుతాయి. ఇక్కడ నేను డఫీతో పూర్తిగా ఏకీభవించలేను. ఆ చెమ్మ అబద్ధం కాదు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు, ఫోటోలు చూసి పులిహోర పొట్లాలు కట్టినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. కానీ బీరూట్ ఫోటో చూసి మనం ఏం చేశాం అంటే నా దగ్గర జవాబు లేదు.

అతను విమానంలోంచి కిందికి చూస్తుండగా, వాళ్లకు పట్టదు అని కవిత ముగుస్తుంది. ఆ వాళ్లు ఎవరని అడిగితే క్లాసులో పిల్లలు ఎడిటర్లంటారు, ప్రభుత్వాలంటారు. నేనైతే పాఠకులనే అనుకుంటాను. ఒకమ్మాయి మాత్రం, "మేడమ్, అతను విమానంలో ఉన్నాడంటే మళ్లీ వెళ్తున్నట్టే కదా" అంది. అవును, మళ్లీ బయల్దేరాడు. ఎందుకు వెళ్తున్నాడో మూడో చరణంలోనే ఉంది. అది ఎవరో ఒకరు చెయ్యాల్సిన పని.