నన్ను మోయకండి
(గుంటూరులో కబడ్డీ పోటీల బహుమతుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీద పెద్దలకు, కమిటీవారికి, మూడు రోజులు ఎండలో ఈల ఊదిన రిఫరీలకు నమస్కారం. ఇంకా కొన్ని పేర్లు చదవమని చీటీ ఇచ్చారు. మన్నించాలి, ఆ పేర్లు తర్వాత ఎవరైనా చదువుతారు. నాకు చెప్పాల్సింది ఒకటుంది.

ఇందాక నన్ను ఈ స్టేజి ఎక్కించింది నలుగురు కుర్రాళ్లు. ఆరు మెట్లు. కుర్చీతో సహా ఎత్తారు. "భయపడకన్నా, మేమున్నాం" అన్నాడొకబ్బాయి. ఆ మాట నేను ఇదివరకొకసారి విన్నాను. అందుకే రాసుకొచ్చింది పక్కన పెట్టేస్తున్నాను.

నేనూ ఈ మట్టిలో చెడుగుడు ఆడినవాణ్ణే. కూతకెళ్తే కాలు దొరకనిచ్చేవాణ్ణి కాదు. ఇంజనీరింగుకని భువనేశ్వర్ వెళ్తే అక్కడ రగ్బీ పరిచయమైంది, బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి పట్టి పడేసే ఆట. పట్టు తెలిసినవాడినని చేర్చుకున్నారు, మెడ లావని ముందు వరసలో నడిమి చోటిచ్చారు. హుకర్ అంటారు. స్క్రమ్‌లో ఇటు ఎనిమిదిమంది, అటు ఎనిమిదిమంది తలలు దూర్చి నెట్టుకుంటారు. హుకర్ చేతులు రెండూ పక్కవాళ్ల భుజాలను చుట్టి ఉంటాయి. స్క్రమ్ కూలితే చెయ్యి అడ్డం పెట్టుకోవడానికి లేదు. ముందు నేలకు తగిలేది తల. వెనక బరువు ఆగదు. ఇలాంటి దెబ్బలు చూసే, ముందు ఒకరినొకరు పట్టుకుని తర్వాతే కలవాలని 2013లో రిఫరీ ఇచ్చే పిలుపు మార్చారు: "క్రౌచ్, బైండ్, సెట్". అంటే వంగు, పట్టుకో, కలువు. మాది స్నేహపూర్వక మ్యాచ్. ఎవరినీ తప్పు పట్టను.

మెడలో పటుక్కుమంది. నొప్పి లేదు. కాళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు, చేతుల్లో చీమలు పాకుతున్నట్టుంది. లేవలేకపోతున్నానని చెప్పాను. చెప్పాను! నాతో ఒకే కంచంలో తిన్నవాళ్లు "భయపడకురా, మేమున్నాం" అంటూ ఇద్దరు చంకల కింద, ఇద్దరు కాళ్లు పట్టుకుని లేపారు. తల వెనక్కి వేలాడింది. ఆటోలో కూర్చోబెట్టారు. ప్రతి గుంతకీ తల ఊగింది. పడడంలో ఎంత పోయిందో, మోయడంలో ఎంత పోయిందో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేకపోయాడు. పడ్డప్పుడు నా వేళ్లు కదిలాయి. ఆసుపత్రికి చేరేసరికి కదల్లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కప్పులు పక్కన పెట్టి వినండి. మెడ నొప్పన్నా, తిమ్మిరన్నా, లేవలేనన్నా ఆ మనిషిని కదపొద్దు. కూర్చోబెట్టొద్దు. నీళ్లు తాగించొద్దు. ఒకరు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తల ఎలా ఉందో అలాగే రెండు చేతులతో పట్టుకోండి. ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యండి. వాళ్లు మనిషిని పడుకోబెట్టి మోసే బల్ల తెచ్చేదాకా ఆ చేతులు వదలొద్దు. ఆట ఆగితే ఆగనివ్వండి.

నాకు దెబ్బ తగిలింది మెడలో ఆరో పూస దగ్గర. మోచెయ్యి మడవగలను, బలంగా చాచలేను. వేళ్లు రావు. కానీ మణికట్టు పైకి వంచితే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి, టీ గ్లాసు అలా పట్టుకుంటాను. దానికి ఐదు నెలలు పట్టింది. ఒంటికి చెమట పట్టదు. గుంటూరు మే నెలలో చెమట పట్టని మనిషి ఎలా బతకాలి? మా అమ్మ పావుగంటకోసారి తడి తువ్వాలు మారుస్తుంది. రాత్రిపూట లేచి నన్ను పక్కకి తిప్పుతుంది. ఆవిడ అక్కడ మూడో వరసలో ఉంది.

వీల్‌చైర్ రగ్బీ అని ఒక ఆటుంది. 1977లో కెనడాలోని విన్నిపెగ్‌లో నాలాంటివాళ్లే పుట్టించారు. 2000 సిడ్నీ పారాలింపిక్స్ నుంచి పతకాలూ ఉన్నాయి. జట్టుకు నలుగురు, బాస్కెట్‌బాల్ కోర్టు చాలు, కుర్చీలు ఢీకొంటాయి. నాకు ఆడాలనుంది. కోర్టు కోసం మూడు హాళ్లు చూశాను. మూడింటికీ మెట్లే.

మళ్లీ మెట్ల దగ్గరికే వచ్చాను. ప్రజలు వాడే పాత భవనాల్లోకి కూడా మేం రాగలిగేలా మార్చాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పింది. 2017లో నియమాలొచ్చాయి, ఐదేళ్ల గడువిచ్చారు. అది 2022లోనే దాటిపోయింది. ర్యాంపు లెక్క కష్టమేమీ కాదు: అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. ఈ స్టేజి మూడడుగులు, ముప్పై ఆరడుగులు కావాలి. ఎడమ పక్కన విరిగిన కుర్చీలు పోగేసిన చోట సరిపోతుంది. ఇందాక కింద కూర్చుని కళ్లతో కొలిచాను. అయ్యా, నాకు శాలువా వద్దు. ఆ డబ్బు ఇటుకలకు వాడండి, నా వంతు నేనూ వేస్తాను.

ఇక దిగాలి. బాబూ, మీ నలుగురూ రండి. ఫుట్‌రెస్టు పట్టుకోవద్దు, ఊడొస్తుంది. ఫ్రేము పట్టుకోండి. కుర్చీ కాస్త వెనక్కి వాల్చండి. తొందరేం లేదు. నేను ఊఁ అన్నాకే ఎత్తండి.